పుండు కడుపులో, రిపేరు సైకిల్‌కు

ఆ శనివారం గుట్ట సగం ఎక్కేసరికే నాకు ఊపిరి అందలేదు. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి, సైకిల్ మాత్రం కదలనంటోంది. "అన్నా, జెర పక్కకు" అంటూ మహేందర్ నన్ను దాటి పైకి పోయాడు. ఒంట్లో ఏదో తేడా ఉందని ఆ రోజే అనుమానం రావాల్సింది. నాకు మాత్రం సైకిల్ మీద అనుమానం వచ్చింది.

మేము ఏడుగురం. ప్రతి శనివారం పొద్దున్నే యాప్రాల్‌లో కలుసుకుని, కీసర దాటాక మాలో ఒకరి బంధువుల మామిడితోటకు మౌంటెన్ బైకుల మీద పోతాం. తోట వెనక ఒక రాళ్ళగుట్ట, దాని మీదికి మేకలు నడిచే బాట ఉన్నాయి. గుట్ట ఎవరు ముందు ఎక్కితే ఆ రోజు మొదటి బీరు మూత వాళ్ళే తీయాలి. అప్పటిదాకా ఐస్‌బాక్స్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. మూడేళ్ళపాటు ఆ మూత నేనే తీశాను. మల్కాజ్‌గిరిలో కళ్ళద్దాల షాపు నడుపుకునే నలభై ఆరేళ్ళ మనిషికి అదేం తక్కువ గొప్ప కాదు.

ఆ రోజు మూత మహేందర్ తీశాడు. అతనికి ముప్పై రెండేళ్ళు, మాతో కలిసి ఏడాది దాటింది. నురుగు చేతి మీద కారుతుంటే అందరూ ఈలలు వేశారు. దాపరికం ఎందుకు, కడుపు మండిపోయింది నాకు.

మర్నాడే సైకిల్‌ను మౌలాలిలో ఖాజా భాయ్ షాపుకు తీసుకుపోయాను. బ్రేకు పట్టేస్తోందన్నాను, చూశాడు. చెయిన్ మార్పించాను. పదిహేను రోజులకు టైర్లు మార్పించాను. మూడోసారి బేరింగులు విప్పి చూడమంటే ఆయన చక్రాన్ని గాల్లోకి లేపి ఒక్క తిప్పు తిప్పాడు.

"సూడున్రి సార్, ఆగుతనే లేదు. సైకిల్‌కు ఏం తక్లీఫ్ లేదు. మీ మొఖమే తెల్లగ పాలిపోయింది. జెర డాక్టర్‌కు సూపెట్టుకోరాదున్రి."

నాకు కోపం వచ్చింది. మెకానిక్‌కు నా మొహంతో ఏం పని అనుకున్నాను. నిజానికి అప్పటికే షాపు మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. మలం తారులా నల్లగా వస్తోంది. బీరు పడలేదేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి వీకెండ్‌లో గుట్ట కింద మహేందర్‌ను ఆపి, "ఈసారి నీ సైకిల్ నాకియ్యి, నాది నువ్వు తొక్కు" అన్నాను. అతని కొత్త సైకిలే అతన్ని పైకి లాగుతోందని నా గట్టి నమ్మకం.

"తీస్కో అన్నా, గండ్ల ఏముంది" అని అప్పటికప్పుడే ఇచ్చేశాడు.

నా సైకిల్ మీద కూనిరాగం తీస్తూ పోయాడు. అతని సైకిల్ మీద నేను పావువంతు కూడా ఎక్కలేదు. కళ్ళు చీకట్లు కమ్మి ఒక బండ మీద కూర్చున్నాను. దిగివస్తూ అతను నా పక్కన ఆగి, "నీ బండి మస్తుందన్నా, మక్ఖన్ లెక్క పోతుంది" అన్నాడు. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ ఉక్రోషంతో రెండు బీర్లు ఎక్కువే తాగాను.

సోమవారం షాపులో ఒకావిడకు ఫ్రేములు చూపిస్తూ కూలబడిపోయాను. మా ఆవిడ స్వరూప ఆసుపత్రికి తీసుకుపోయింది. బ్లడ్ టెస్ట్‌లో హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు. డాక్టర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చూశారు.

"ఈ హిమోగ్లోబిన్‌తో మీరు గుట్ట ఎక్కారా?"

"ఎక్కలేదు సార్, అదే నా బాధ" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఎండోస్కోపీ చేశారు. గొంతులో చేదు స్ప్రే కొట్టి, నోట్లోంచి గొట్టం దించారు. గ్యాస్ట్రిక్ అల్సర్, కొంచెం కొంచెంగా ఎన్నాళ్ళనుంచో బ్లీడ్ అవుతోందట. బయాప్సీలో చెడ్డదేమీ రాలేదు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. రీప్లేస్‌మెంట్ డోనర్ కావాలంటే ముందుగా వచ్చింది మహేందరే. అతని రక్తమే నాకు ఎక్కుతోందేమోనని సిస్టర్‌ను అడిగాను. "కాదు అంకుల్, అది బ్లడ్ బ్యాంకుకు పోతది, మీకెక్కేది వేరేవాళ్ళది" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, హమ్మయ్య అనుకున్నాను.

ఆ సాయంత్రం డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి, "పెయిన్‌కిల్లర్స్ ఏమైనా వాడతారా? వాటివల్ల కూడా ఇలా పుండు పడుతుంది" అని అడిగారు. వాడతాను. మూడేళ్ళుగా మోకాళ్ళ నొప్పి. రైడ్ ఉన్న రోజు గుట్ట ఎక్కే ముందు పరగడుపున రెండు, మామూలు రోజుల్లో ఒకటి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగుతున్నాను. కాని మంచం పక్కన కొబ్బరిబొండంతో మహేందర్ నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ గోళీల బలంతో గెలిచాడా అని అతను అనుకుంటే నేను తట్టుకోలేను.

"లేదు సార్" అన్నాను.

ఇంటికొచ్చాక రెండు నెలలు బుద్ధిగా ఉన్నాను. పుండు మానడానికి మందులు, ఐరన్ టాబ్లెట్లు. హిమోగ్లోబిన్ పది దాటింది. బీరు బంద్. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం ప్రతి వీకెండ్ మహేందర్ మూత తీస్తున్న ఫొటో వచ్చేది. చూడకుండా ఉండలేను, చూసి ఓర్చుకోలేను. మెల్లగా సైకిల్ బయటికి తీశాను. మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. మళ్ళీ పాత గోళీలే మింగాను. మలం నల్లబడితే ఐరన్ వల్లే అనుకున్నాను, ఐరన్‌కు అలా వస్తుందని ఆసుపత్రిలోనే చెప్పారు కదా.

మూడో నెలలో తోటకు పోయాను. గుట్ట మొదట్లోనే కడుపు తిప్పి వాంతి అయింది. తడిసిన కాఫీపొడిలా ఉంది. అది రక్తమని నాకు తెలియలేదు, మహేందర్‌కు తెలిసింది. తోట కాపలాదారుడి ట్రాలీ ఆటోలో నన్ను పడుకోబెట్టి, తల తన ఒడిలో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చాడు.

మళ్ళీ ఎండోస్కోపీ చేసి బ్లీడింగ్ ఆపారు. డాక్టర్ స్వరూపను పిలిచి చెప్పారు: "ఇంత ట్రీట్‌మెంట్ ఇచ్చాక ఈ అల్సర్ మానాలి. మానలేదంటే కాన్సర్ కూడా ఆలోచించాలి. మొదటి బయాప్సీలో ఒక్కోసారి దొరకదు. మళ్ళీ పంపిస్తున్నాం."

స్వరూప నా ముందు ఏడవలేదు. బయటికి వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. పుండు ఎందుకు మానలేదో నాకు తెలుసు. పిలిచి ఒక్క మాట చెబితే ఆమెకు సగం భయం పోతుంది. కాని మహేందర్ ఆమెకు నీళ్ళు తెచ్చిస్తూ, లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు. ఆ రోజంతా నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ మంచం మీద కూర్చున్నారు. "మీరు నాకు ఏదో చెప్పడం లేదు" అన్నారు. మహేందర్ అక్కడే నిలబడి ఉన్నాడు. స్వరూప కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆ కళ్ళు చూశాక దాచలేకపోయాను. ఎన్ని గోళీలో, ఎన్నాళ్ళనుంచో, అంతా చెప్పేశాను.

మహేందర్ తల దించుకున్నాడు. "నాకు తెల్సన్నా. చెట్టు పక్కకు పోయి ఏస్కుంటుంటే సూసిన. గుట్ట ఎక్కే కిటుకు గదే అనుకొని నేను సుత షురూ చేసిన. అప్పుడు సారు అడిగితే నువ్వు లేదంటివి, ఇగ నేనెట్ల చెప్పాలె?"

నాకు మొదట కలిగింది సంతోషం. అతను గెలిచిందీ గోళీలతోనే! ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. స్వరూప నా వైపు చూసి, "ఈయన ముంగట ఇజ్జత్ పోతదని నన్ను దినమంతా గిట్ల ఏడిపిచ్చిన్రా?" అంది. వారంపాటు నాతో మాట్లాడలేదు.

బయాప్సీలో కాన్సర్ లేదు. డాక్టర్ మహేందర్‌కు కూడా ఎండోస్కోపీ రాశారు. అతని కడుపు అద్దంలా ఉందట. ఆ రిపోర్టు చూసీ కుళ్ళుకున్నాను, ఏం చేయను, నా బుద్ధి అంతే.

ఇప్పుడు నా హిమోగ్లోబిన్ పదమూడు. మోకాళ్ళకు ఫిజియోథెరపీ చేయించుకున్నాను. సీటు మరీ కిందికి ఉందని ఖాజా భాయ్ దాన్ని రెండు వేళ్ళంత పైకి జరిపాడు. నొప్పి చాలావరకు దానితోనే పోయింది. తోటకు పోతున్నాను, అందరికన్నా వెనక ఎక్కుతున్నాను, మజ్జిగ తాగుతున్నాను. మహేందర్ కూడా గోళీలు మానేశాడు. అయినా నాకన్నా ముందే ఉంటాడు.

మీకు చెప్పేది ఒక్కటే. ఏమైనా టాబ్లెట్లు వాడుతున్నారా అని డాక్టర్ అడిగితే, చీటీ లేకుండా కొన్నవి కూడా పేర్లతో సహా చెప్పండి. ఎవరి ముందు చెప్పడానికి సిగ్గేస్తుందో వాళ్ళను చాయ్ తాగి రమ్మని బయటికి పంపండి. నేను పంపలేదు. ఆ రోజు వరండాలో కూర్చుని ఏ దేవుడికి ఏం మొక్కుకుందో స్వరూప నాకు ఇప్పటికీ చెప్పదు.