మిరపకాయ మేడమ్ కోపానికి మందు

డ్రైవింగ్ స్కూల్లో ఆమెకు పెట్టిన పేరు మిరపకాయ మేడమ్. ఎదురుగా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గానీ, నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లూ గేర్లకంటే ముందు ఆ పేరు నేర్చుకునేవారు. దీనికంతటికీ కారణం ఆమె ముఖం. పొద్దున్నే మామూలుగా కారెక్కిన మనిషి నాలుగు వీధులు తిరిగేసరికి బుగ్గలూ ముక్కూ కందిపోయి, ఎవరినో చెడామడా తిట్టబోతున్నట్టు కనిపించేది. స్టీరింగు పట్టుకున్నవాళ్లు రోడ్డు వదిలేసి ఆ బుగ్గలకేసి చూసేవారు.

నిజానికి అంత ఓపిక గల మనిషి ఆ చుట్టుపక్కలే లేదు. బండి గోడకు ముద్దుపెట్టినా "పర్లేదు, మళ్లీ చేద్దాం" అనేది. కానీ కోపిష్ఠి, కోపిష్ఠి అని అందరూ అంటూంటే ఎంతకాలమని కాదంటుంది? కోపం లోపలెక్కడో దాక్కుని, తనకు తెలియకుండానే ముఖం మీదికి వచ్చేస్తోందని ఆమె కూడా నమ్మేసింది. ఇంట్లో ఏదైనా చెప్పాలనిపించినా మింగేసి ఊరుకునేది. మొగుడు దాన్ని మంచితనం అనుకున్నాడు. మగవాళ్లకు అలాంటివి తొందరగా మంచితనంలా కనిపిస్తాయి.

స్కూలు మొగుడి అన్నగారిది. ఒకరోజు కేకుల కొట్టావిడ రివర్స్ నేర్చుకుంటూ పక్కకు చూసి, "మీరలా ఉంటే నాకు కాళ్లాడట్లేదు మేడమ్" అని భోరుమంది. కారును రోడ్డు మధ్యలో వదిలేసి దిగి వెళ్లిపోయింది. మర్నాడు బావగారు పిలిచాడు.

"అమ్మాయ్, నువ్వింక బండెక్కొద్దు. కౌంటర్లో కూర్చుందువుగాని. బండికి ఎవర్నైనా చూస్తాలే."

"బావగారూ, నేనావిణ్ణి ఒక్క మాట కూడా అన్లేదండీ."

"అనక్కర్లేదు తల్లీ. నీ ముఖమే అనేస్తుంది. చూడు, ఇప్పుడు కూడా!"

ఆమెకు కారులో ఆ పక్కసీటంటే ప్రాణం. వణుకుతూ ఎక్కినవాళ్లు ఒంటరిగా బండి నడుపుకుంటూ వెళ్లిపోతుంటే చూడటం కన్నా ఆమెకు వేరే సంతోషం లేదు. ఫోనెత్తుతూ కూర్చుంటే అది ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాట మాత్రం పైకి అనలేదు. సరాసరి డాక్టరమ్మ దగ్గరికెళ్లి, కోపం తగ్గడానికి మాత్ర అడిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. లైటు దగ్గరగా పెట్టి, బుగ్గల మీది సన్నటి ఎర్రగీతల్నీ ముక్కు పక్క పొక్కుల్నీ చూసింది.

"ఎప్పుడు ఎక్కువవుతుంది?"

"రివర్స్ నేర్పేటప్పుడండీ. అప్పుడే కోపం బాగా వస్తుందనుకుంటా."

"అనుకోవడం కాదు. అప్పుడు మీరేం చేస్తారో చెప్పండి."

"కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చక్రం చూస్తానండీ. ముఖం మండుతుంటుందా, ఆ గాలికి హాయిగా ఉంటుంది. ఊరికే ఉన్నా అలాగే పెట్టుకుంటా."

"ఎండ ఎటునుంచి?"

ఆమె కాస్త ఆలోచించింది. "నా వైపు నుంచేనండీ."

"ఇది కోపం కాదమ్మా. రోజేషియా అని, చర్మానికొచ్చే జబ్బు. ఇదున్నవాళ్లలో చాలామందికి ఎండ తగిలితే చాలు, ముఖంలో రక్తనాళాలు ఉబ్బి ఎర్రబడిపోతుంది. వేడీ గాలీ కూడా పడవు. చల్లబడుతుందని మీరు రోజూ ముఖాన్ని పొయ్యిలో పెడుతున్నారు. పూర్తిగా పోతుందని చెప్పను గానీ, అదుపులో ఉంటుంది."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. రాని కోపానికి ఎంతమందికి క్షమాపణలు చెప్పుకుంది!

ఆ తర్వాత సన్‌స్క్రీన్ రాయకుండా గడప దాటలేదు. వెడల్పాటి అంచున్న టోపీ కొంది, రాసిచ్చిన మందు మానకుండా వాడింది. తన వైపు కిటికీకి ఇంకో చిన్న అద్దం బిగించుకుని, చక్రాన్ని అందులోంచే చూడటం అలవాటు చేసుకుంది. కొత్త మనిషి దొరికేదాకా బండి మీదే ఉండనీలే అని బావగారు ఊరుకున్నాడు. కొన్నాళ్లకు ముఖం నెమ్మదించింది. ఆ కబురు విని కేకుల కొట్టావిడ మళ్లీ వచ్చి, "ఎంత శాంతంగా అయిపోయారు మేడమ్!" అని ఆశ్చర్యపోతూ చెత్తకుండీని గుద్దింది. పర్లేదు, మళ్లీ చేద్దాం అంది ఆమె, ఎప్పట్లాగే.

ఒక పొద్దున్న బావగారు సంతోషంగా కబురు చెప్పాడు. "కొత్తాయన రేపట్నుంచి వస్తున్నాడమ్మాయ్. ఆయన కోసం కారుకు ఇంకో తాళం కూడా చేయించాను. నువ్వు కౌంటర్‌కి వచ్చెయ్."

"ఇప్పుడెందుకండీ? ఎవరూ భయపడట్లేదు కదా."

"అందుకేగా! ఇప్పుడు నీ ముఖం చల్లగా, నిండుగా ఉంది. వచ్చినవాళ్లని పలకరించడానికి అలాంటి మనిషే కావాలి."

ఎర్రగా ఉంటే కారుకు పనికిరాదట, చల్లగా ఉంటే కౌంటరుకే పనికొస్తుందట. ఇక ఆ ముఖంతో ఆమె ఏం చేసుకోవాలి?

"బావగారూ, నాకు కోపమొచ్చింది."

ఆయన ఆమెకేసి పరీక్షగా చూసి నవ్వేశాడు. "ఏదీ? ఏం కనబళ్లేదే!"

"కనబడదండీ. అందుకే నోటితో చెప్తున్నాను. ఈ పని నాది. నేను బండి దిగను. ఆ కొత్తాయన్నే కౌంటర్లో కూర్చోబెట్టుకోండి."

గొంతు పెద్దది చెయ్యలేదు. బావగారి నవ్వు సగంలో ఆగింది. ఆమె నోట 'నాది' అన్న మాట ఆయన వినడం అదే మొదలు. సొరుగు లాగి కారు తాళం తీసిచ్చాడు.

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అది ఇవాళ్టికి. కొత్తాయన కోసం చేయించిన తాళం కూడా ఇవ్వండి," అంది.

బావగారు రెండో తాళం కోసం జేబు తడుముకున్నాడు.