బాబాయి చెవి, పాపాయి సాక్సు

మా బాబాయి కార్ల కంపెనీలో చప్పుళ్ళు వేటాడతాడు. పత్రికలవాళ్ళూ వీడియోలవాళ్ళూ నడిపి చూసి నాలుగు మాటలు చెప్పడానికి కంపెనీ కొన్ని కార్లు పంపుతుంది. అవి ముందు ఆయన షెడ్డుకి వస్తాయి. డ్రైవరు గతుకుల మీద నడుపుతుంటే, ఈయన వెనక సీట్లో కళ్ళు మూసుకుని తలుపుకి చెవి ఆనిస్తాడు. ఎక్కడో 'టిక్' అంటుంది. అంతే, పేను దొరికిన ముసలమ్మలా ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ సందులో మెత్తటి గుడ్డపేలిక కుక్కి, తలుపులు సరిచేసి, అప్పుడు గాని కారుని బయటికి వదలడు.

ఆయన ఇంట్లో మాత్రం ఫ్యాను పళ్ళు కొరుకుతూ తిరుగుతుంది. వంటింటి తలుపు తెరిస్తే పక్కింటి కుక్క మొరుగుతుంది.

"చెవులు రెండూ షెడ్డులో వదిలేసి, ఇంటికి తల ఒక్కటీ తెచ్చుకుంటారు," అంటుంది పిన్ని.

"ఇంట్లో చప్పుడు చేసేది తలుపొక్కటేనా?" అంటాడాయన, ఆవిడ అటు వెళ్ళాక.

మా పాపకి అప్పుడు ఎనిమిదో నెల. నిద్రంటే దానికి పగ. చీమ తుమ్మినా లేస్తుంది. నేను చదివింది భౌతికశాస్త్రం. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. మిక్సీకి ఒక అంకె, మా ఆయన గురకకి అంతకన్నా పెద్ద అంకె. కారు కొందామనుకున్నప్పుడు కూడా నాకు కావలసింది ఒక్కటే, అందులో పాప పడుకోవాలి. రివ్యూలన్నీ బాబాయి కంపెనీ కారునే మెచ్చుకున్నాయి. లోపల కూర్చుంటే మన ఊపిరి మనకే వినిపిస్తుందన్నాయి.

"బాబాయ్, నిజం చెప్పు. వాళ్ళకిచ్చే కారూ మాకమ్మే కారూ ఒకటేనా?"

"ఒకటే తల్లీ. స్నానం చేయించి పౌడరు రాసిన పిల్లా, మట్టిలో ఆడొచ్చిన పిల్లా ఒక్కతే కాదూ?"

"అంటే మాకు మట్టిలో ఆడొచ్చిన పిల్లనిస్తారా?"

"కొన్నాక నువ్వే స్నానం చేయించుకో."

కొన్నాం. వెనక ఎడమ తలుపులో 'టిక్'. పాప కళ్ళు మూతపడటం, టిక్‌మనడం, ఇద్దరం ఏడవడం. బాబాయి దగ్గర మొరపెట్టుకుంటే గొంతు తగ్గించి, "షెడ్డుకి పట్టుకురా. ఎవరికీ చెప్పకు. సొంతవాళ్ళ కార్లు అక్కడ ముట్టుకోకూడదు," అన్నాడు.

షెడ్డులో అచ్చం మా కారులాంటిదే ఇంకో తెల్లకారు ముస్తాబై ఉంది. ఒక పెద్ద వీడియోలాయన దగ్గరికి వెళ్ళాలి. రెండూ కొత్తవే, రెండింటికీ ఇంకా నంబర్లు రాలేదు. బాబాయికో పద్ధతి ఉంది. పని అయిన కారు తాళం గోడ మేకుకి, కానిది ఆయన జేబులో. ఆ రోజు పాప రాగం ఎత్తుకుంటే ఆయన రెండు తాళాలూ దాని చేతికిచ్చాడు. అది రెండింటినీ శ్రద్ధగా నమిలింది. ఆయన చొక్కా అంచుతో తుడిచి, ఒకటి మేకుకి తగిలించి, ఒకటి జేబులో వేసుకున్నాడు. నేను పాప సీటు విప్పుకుని బస్సులో ఇంటికొచ్చేశాను.

సాయంత్రం ఫోను. "మీ కారులో ఒక్క చప్పుడూ లేదే అమ్మాయ్! అంతా నీ భ్రమ. ముందు నువ్వు నిద్రపో."

వెళ్ళి తెచ్చుకున్నాను. దారంతా పాప నిద్రపోయింది. దానికీ భయమే నాకు. ఊపిరి ఆడుతోందా అని ఆగి ఆగి చూసుకుంటూ ఇల్లు చేరాను.

మర్నాడు మా ఆయన వెనక సీటు కింద వెతికి, "మన బిస్కెట్ల పొడి ఏది? పాప సాక్సు ఒకటి ఇక్కడే పడింది, అదీ లేదే," అన్నాడు. బాబాయికి ఫోను చేశాను.

"తాళాలు... దాని నోట్లో..." అన్నాడు. తాళాలు తారుమారై, మా కారే ఆ వీడియోలాయన దగ్గరికి వెళ్ళిపోయింది.

చెప్పి వెనక్కి తెప్పిస్తే, సొంతవాళ్ళ కారు షెడ్డులో ఎందుకుందంటారు. చెప్పకపోతే ఆ టిక్ లోకమంతా వింటుంది. ఎలా చూసినా ఉద్యోగానికి ముప్పే, ఇన్నేళ్ళ పేరు నీళ్ళపాలే. అన్నం సహించక, ఆయన రోజూ ఆ వీడియో కోసం ఫోను తడుముతూ కూర్చున్నాడు.

వీడియో వచ్చింది. పిన్ని ఫ్యాను కట్టేసింది. అందరం చిన్న తెర మీదకి వంగాం. వీడియోలాయన గతుకుల మీద నడుపుతున్నాడు. వెనకనుంచి టిక్. మళ్ళీ టిక్. ఆయన నవ్వుతూ, "విన్నారా? ఏమీ వినపడదు! అదీ ఈ కంపెనీ గొప్ప," అన్నాడు. తర్వాత సీటు కిందనుంచి మా పాప సాక్సు తీసి ఊపాడు. "ఇది కుటుంబాల కారని చెప్పడానికి చిన్న సాక్సు కూడా పెట్టారు చూడండి. ఎంత శ్రద్ధో!"

వీడియో అవకముందే మేనేజరు ఫోను. సాక్సు ఆలోచన అద్భుతమట.

"ఉద్యోగం నిలబడిందిగా, ఆ ఏడుపు మొహం దేనికండీ?" అంది పిన్ని.

"టిక్కుమంటుంటే వినపడలేదటే వాడికి! అవి చెవులా, చేటలా? మరి ఇన్నేళ్ళూ నేనెవరికోసం పేలికలు కుక్కినట్టు?"

ఆ వారమంతా ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కారు తిరిగొచ్చాక గుట్టుచప్పుడు కాకుండా మార్చుకున్నాం. ఇంటికి నేను నడుపుతున్నాను, పాప పక్కన ఆయన దిగులుగా కూర్చున్నాడు. పాప కళ్ళు వాలుతున్నాయి. గతుకొచ్చింది. టిక్. పాప కళ్ళు తెరిచి, తలుపు వైపు చూసి, గుక్కపెట్టి ఏడ్చింది.

"విన్నది! విన్నదే అమ్మాయ్! అదీ చెవంటే! నా మనవరాలు!" బాబాయి సీట్లో ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఏదీ, ఇంకోసారి ఏడువమ్మా, ఎక్కడో పట్టేస్తాను!"

దాని ఏడుపుకి నేను నవ్వడం అదే మొదటిసారి. బాబాయి కారు ఆపించి, తలుపు అంచు ఊడదీసి, జేబులోంచి పేలిక తీసి కుక్కాడు. మళ్ళీ కదిలాం. గతుకు. ఏమీ లేదు. పాప ఆయన వేలు పట్టుకుని నిద్రలోకి జారిపోయింది.

దిగేటప్పుడు నా చెవిలో గొణిగాడు. "దాని రెండో సాక్సు ఉంటే ఇవ్వవే. మొదటిది ఆ వీడియోలాయన దాచుకున్నాడట. ఇకనుంచి ప్రతి కారులోనూ ఒకటి పెట్టమన్నాడు మా మేనేజరు."