మోంఘీబేన్ తిప్పిన చక్రం

మోంఘీబేన్ మనిషి పిడికెడంత. ఇంట్లోని డీజిల్ ఇంజన్‌కు అటొకటి ఇటొకటి ఇనప చక్రాలు, ఒక్కోటీ ఆమెకు రెండింతల బరువు. జస్‌దణ్ పట్నం దగ్గరి ఆ ఊరంతటికీ సజ్జపిండి ఆడేది ఆ ఇంజనే. భర్త ధరమశీ పొద్దున్నే హ్యాండిల్ వేసి దాన్ని లేపేవాడు.

ఒకరోజు హ్యాండిల్ వెనక్కి తన్ని అతని కుడిచెయ్యి విరిగింది. మూడోనాటికి అన్నగారు లవజీ నుంచి కబురొచ్చింది: ఊరికే పడి ఉన్న ఇంజన్‌ను, చెయ్యి అతుక్కునేదాకా తన ఊళ్లో ఆడించుకుంటాడట, శుక్రవారం బండి తెస్తాడట. లవజీ గడప దాటిన వస్తువు మళ్లీ ఈ ఇంటి మొహం చూడదు. అప్పుడెప్పుడో పట్టుకుపోయిన నాగలి ఇప్పటికీ అక్కడే దున్నుతోంది, మహానుభావుడు! అన్నకు ఎదురుచెప్పడం ధరమశీకి పుట్టుకతో రాదు. శుక్రవారానికి ఇంజన్ ఆడుతూ కనబడితే తప్ప అది దక్కదని మోంఘీబేన్‌కు తెలిసిపోయింది.

గురువారం సాయంత్రం ఊళ్లో కండలున్న ముగ్గురు వచ్చి ప్రయత్నించారు. ఒక్క ఊపుతో లేపేద్దామనుకుని మొదటి చుట్టులోనే ఇంజన్ నెత్తినుండే మీట దించేశారు. ఇంజన్ కిక్కురుమనలేదు. చెమటలు తుడుచుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

ఆమె తొమ్మిదేళ్లుగా భర్తను చూస్తోంది. మీట ఎత్తి ఉంచితే ఇంజన్ అడ్డం పడదు, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. మీట దించగానే అడ్డం పడుతుంది, ఆ అడ్డును దాటే ఊపు చక్రంలో ఉంటేనే ఇంజన్ అంటుకుంటుంది. తిప్పిన ప్రతి చుట్టూ దాంట్లో జమవుతుంది. పది పాళ్లు పెడితే తొమ్మిది తిరిగిస్తుందనీ, ఆ ఒక్క పాలూ గాలీ బేరింగులూ మింగేస్తాయనీ ధరమశీ అంటుండేవాడు. అంటే ఒక్కసారిగా బలం అక్కర్లేదు, కొంచెం కొంచెంగా పెట్టినా చాలు.

శుక్రవారం లవజీ బండితో దిగాడు. మోంఘీబేన్ ముసుగు లాక్కుంది. బావగారి ముందు మొహం చూపకూడదు, మాట్లాడకూడదు. ముసుగేసుకుని తిప్పితే కొంగు చక్రంలో పడుతుంది.

"ఏమండీ," అంది భర్తతో, "మీ అన్నగారిని కాస్త అటు తిరిగి నిలబడమనండి."

మర్యాద మర్యాదే కదా. లవజీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె కొంగు బిగించి తిప్పింది. మీట కోసం చెయ్యి చాచేలోపే చక్రం నీరసించింది. చెయ్యి వదిలాక ఇరవై చుట్లు దొర్లాల్సింది ఏడుకే ఆగింది. పెట్టిందంతా ఎవరో దొంగిలించినట్టు. వంగి చూస్తే బేరింగుల చుట్టూ నూనె, పిండి కలిసి, ఇంజన్ ఆగి ఉన్న ఈ రోజుల్లో ముద్దకట్టి ఉంది. కిరసనాయిలుతో కడిగి కొత్త నూనె పోసింది. లవజీ గోడకేసి దగ్గుతూనే ఉన్నాడు.

"మీట మీరు పట్టుకోండి," అంది ధరమశీతో. "నేను చెప్పేదాకా దించొద్దు."

రెండు చేతులా మెల్లగా మొదలుపెట్టింది. పది, పదిహేను, పాతిక చుట్లు. హ్యాండిల్ దానంతటదే ఆమె చేతుల్ని లాక్కెళుతోంది.

"ఊఁ, దించండి."

ఎడమచేత్తో ధరమశీ మీట దించాడు. ధడ్, ధడ్‌మంటూ ఇంజన్ అందుకుంది. ఇంటి కప్పు అదిరింది. గోడవైపు తిరిగిన లవజీ, ఇటు తిరగడానికి వీల్లేక, అట్నుంచి అటే బయటికి నడిచి ఖాళీ బండి ఎక్కాడు.

ఆ తర్వాత రోజూ ఆమె తిప్పేది, అతను మీట పట్టేవాడు. చెయ్యి అతుక్కున్నా ధరమశీ మళ్లీ హ్యాండిల్ ముట్టుకోలేదు. చెయ్యి ఇంకా లాగుతోంది, ఇంజన్ నీ చేతికే లొంగింది అనేవాడు. పదకొండేళ్లు అదే పాట.

నిజానికి రెండో నెలలోనే, తను లేదనుకుని, అతను నిండు సజ్జల బస్తాను విరిగిన ఆ చేత్తోనే భుజానికెత్తుకోవడం మోంఘీబేన్ తలుపు సందులోంచి చూసింది. కళ్లు చెమ్మగిల్లాయి పిచ్చిదానికి. ఆ మాట అతనితో ఎన్నడూ అనలేదు. మర్నాడు పొద్దున్న హ్యాండిల్ తగిలించి, "చెయ్యి ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

"లాగుతోంది," అన్నాడు ధరమశీ, మీట ఎత్తి పట్టుకుంటూ.