తలకాయల్లేని హోటల్

ఆ రోజుల్లో నాకు ఒక్క అక్షరం రాదు గానీ, సిరిసిల్ల బజారులో ఏ హోటల్‌వాడు ఏ పూట కొత్త నూనె పోశాడో వాసన పట్టి చెప్పేవాణ్ణి. (ఈ ఒక్క మాట రాయడానికి నాకు అరపూట పట్టింది. యాభై దాటాక పలక పట్టినవాణ్ణి. నేను నిదానంగా రాస్తున్నాను, మీరూ నిదానంగా చదవండి.) మాది చందుర్తి పక్కన పల్లె. గుంట భూమి లేదు. గోడలకు సున్నం కొట్టడం, ఎర్రమట్టి జాజు పూయడం, ఎవరైనా ముచ్చటపడితే గుమ్మం పక్కన నెమలినో ఏనుగునో దించడం నా పని. ఈతమట్ట నలగ్గొట్టి చేసుకున్న కుంచె, జాజు, నీలిమందు, పసుపు, బొగ్గుమసి, ఇంతే నా సామాను. నిచ్చెన మోసేవాడు మా మేనబావ. నిచ్చెన కంటే బావ నోరే బరువు.

అరవై తొమ్మిదిలో జై తెలంగాణ అని ఊళ్లన్నీ లేచాయి. పట్నంలో చదువుతూ, కాలేజీ మూతబడడంతో సిరిసిల్లకు వచ్చిన ఒక కుర్రాడు పోరగాళ్లను వెంటేసుకుని గోడల మీద రాతలు రాయిస్తుండేవాడు. కళ్లద్దాలు పెట్టుకునేవాడు గనక అందరికీ కళ్లద్దాలాయనే. వాళ్లు రాసిన అక్షరాలు పొద్దున్నకల్లా జారి కింద మోరీ కాలువ దాకా వచ్చేవి. చదవరాని నాకే అది బాగాలేదని తెలిసింది, మొహం మీదే చెప్పాను. అతను కోపం తెచ్చుకోలేదు. "అయితే నువ్వే రా తమ్మీ. గోడ నువ్వు సాపు చెయ్యి, బొమ్మలు నువ్వే గియ్యి. ఏ హోటల్ గోడ మీద గీస్తే ఆ పూట తిండి ఆ హోటలోళ్లదే" అన్నాడు. అంతకంటే మంచి ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు.

అట్లా ఒక నెల్లాళ్లు బజారు బజారంతా తిన్నాను. హోటళ్ల పేర్లు బోర్డుల మీద ఉండేవట. నాకు మాత్రం గోడమీది బొమ్మే పేరు. నెమలి హోటల్లో పూరీ ఉబ్బేది గానీ ఆలుగడ్డ కూర నీళ్లలా ఉండేది. నేను గీసిన ఏనుగున్న హోటల్లో మిర్చి అంత పొడుగు, కొరికితే చెవుల్లోంచి పొగ. బస్సులాగే చోట ఒక ముసలమ్మ జొన్నరొట్టె, బోటికూర పెట్టేది. ఆమెకు గోడే లేదు. తడిక మీద గీయలేక, ఆమె పొయ్యికి జాజు పూసి రుణం తీర్చుకున్నాను. చాయ విషయానికొస్తే, చౌరస్తాలో సింహం బొమ్మ ఉన్న పెద్ద హోటల్ చాయను మించింది లేదు. మీగడ మీద ఈగ వాలినా మునగదనేవాడు బావ.

ఆ చాయను నేను తాగిన తీరు కూడా చెప్పాలి, దాచేదేముంది. మా వాడవాళ్లకు గిలాసలు వేరు. అవి బయట గోడ గూట్లో ఉండేవి. మన గిలాస మనమే తీసుకుని బయట కింది మెట్టు మీద కూర్చుంటే జీతగాడు పైనుంచి చాయ పోసేవాడు. తాగాక మనమే కడిగి మళ్లీ గూట్లో బోర్లించాలి. లోపల నున్నటి రాతిబల్లలు, వాటి మీదికి పోయే పూల కప్పులు. "జై తెలంగాణ" అని లోపలివాళ్లూ మేమూ ఒక్క గొంతుతోనే అరిచేవాళ్లం, చాయ దగ్గరికొచ్చేసరికి వాళ్లు లోపల, మేము మెట్టు మీద. రాష్ట్రం ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. ఆ రాతిబల్ల ముందు కూర్చుని, పూల కప్పులో ఒక్కసారి చాయ తాగాలని మాత్రం కడుపులో ఉండేది. బావతో కూడా అనలేదు, నవ్వుతాడని.

ఒకరోజు కళ్లద్దాలాయన నన్ను సింహం హోటల్ ముందు నిలబెట్టాడు. రోడ్డువైపు గోడ ఎంత పెద్దదంటే, సున్నం కొట్టేసరికే భుజం పడిపోయింది.

"తమ్మీ, గీ గోడ మీద మన జనమంత ఉండాలె. రైతు, మగ్గం నేసేటాయన, పంతులు, కూలోళ్లు, అందరు ఒక్కకాడ కూసొని తింటున్నట్టు గియ్యి. రేపు పొద్దుగాల ఊరేగింపు గీ గోడ ముంగటికెల్లే వోతది" అన్నాడు.

"ఒక్కకాడ అంటే యాడ సారూ?"

"యాడైతేంది? గీ హోటల్లనే అనుకో" అని సైకిలెక్కి పోయాడు.

సున్నం కాగానే నిచ్చెనను అవతలి వాడవాళ్లు అడిగి పట్టుకుపోయారు, బావ దాని కోసం పోయాడు. అందుకని కిందినుంచి మొదలుపెట్టాను. హోటల్ లోపల ఎట్లా ఉంటుందో నాకు కంఠతా వచ్చు, రోజూ మెట్టు మీద కూర్చుని చూసేదే కదా. బల్లల కాళ్లు గీశాను. బల్లల కింద మనుషుల కాళ్లు గీశాను. డ్రిల్లు పంతులు తెల్ల బూట్లు, పట్వారీ కిర్రుచెప్పులు, మగ్గమాయన చీలమండల దాకా అంటిన నీలిరంగు, బొటనవేలికి గుడ్డపీలిక కట్టుకున్న పోస్టాయన. రెండో బల్ల కింద కుక్కను కూడా మరవలేదు. గల్లాపెట్టె దగ్గర హోటల్ యజమాని సేటును గీశాను. సేటు ఎప్పుడూ ఒక కాలు కుర్చీ మీదికి మడిచి కూర్చునేవాడు, నాకు ఎప్పుడూ కనబడింది ఒక్కటే. ఒక్కటే గీశాను.

పొద్దు వాలేసరికి బావ నిచ్చెన తెచ్చాడు. ఎక్కాను. కుంచె ఎత్తాను. చెయ్యి కదల్లేదు. వీళ్లందరినీ బజారులో నడుస్తుంటే రోజూ చూసినవాణ్ణే గానీ, బల్ల ముందు కూర్చుంటే చేతులు ఎక్కడ పెడతారు, కప్పు ఎట్లా పడతారు, తింటుంటే మొహాలు ఎట్లా ఉంటాయి? నాకేం తెలుసు? (మెట్టు మీద కూర్చుని సేటుకు బుద్ధి చెప్పాలని పన్నాగం పన్నానని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకంత తెలివి లేదు.)

"బామ్మర్దీ, తలకాయలు యాడ వెట్టినవ్?" అని కింద నుంచి బావ అరిచాడు. ఆ గొంతుకు బజారు సగం పోగైంది. ఒకడు "గవి డ్రిల్లు పంతులు బూట్లు!" అన్నాడు. ఇంకొకడు "పట్వారీ చెప్పులు సూడుండ్రి, కిర్రుకిర్రుమంటున్నయ్!" అన్నాడు. ఎవరి కాళ్లు ఎవరివో పందేలు మొదలయ్యాయి. పోస్టాయన పరుగున వచ్చి తన బొటనవేలు గోడకు ఆనించి సరిచూసుకున్నాడు. ఆ గోలకు గల్లా వదిలి సేటు బయటికొచ్చాడు.

"ఏందిరా ఇది? నా హోటలా, చెప్పుల దుకాణమా? నాకొక్కటే కాలేందిరా?"

"నాకు కనవడ్డది ఒక్కటే సేటూ."

"మరి తలకాయలేవి?"

"మీరు నన్ను కూసోవెట్టిన కాడినుంచి గివే కనవడ్తయ్ సేటూ. తలకాయలు కనవడయ్."

నేను మామూలుగానే అన్నాను. కానీ అప్పటిదాకా పడీపడీ నవ్వినవాళ్లు తల దించి తమ కాళ్లు చూసుకున్నారు. అప్పుడే వచ్చి సైకిల్ దిగిన కళ్లద్దాలాయన గోడను చూశాడు, మెట్టును చూశాడు, గూట్లో బోర్లించిన గిలాసలను చూశాడు. నెలరోజులుగా అతనూ లోపలే తాగుతున్నాడు మరి. అద్దాలు తీసి తుడుచుకుని, "సేటూ, ఊరేగింపు రేపు పొద్దుగాలే" అన్నాడు మెల్లగా.

సేటు తన ఒంటికాలును ఇంకోసారి చూసుకున్నాడు. "సరే, లోపటికొచ్చి సూసి పో" అన్నాడు.

"సూసి పోతే రాదు సేటూ. కూసొని తినాలె. తింటెనే చెయ్యి తిరుగుతది."

జనం నవ్వారు. ఈసారి ఆ నవ్వు నా వైపున్నది. సేటు పక్కకు జరిగాడు. నేను గడప దాటాను. రాతిబల్ల చల్లగా ఉంది, దాని మీద రెండు చేతులూ పరిచాను. సున్నం చేతులు, అచ్చులు పడ్డాయి. జీతగాడు అలవాటు చొప్పున గూట్లోంచి నా గిలాస పట్టుకొచ్చాడు. "గది బొమ్మల లేదు" అన్నాను. వాడు సేటు మొహం చూశాడు, సేటు పైకప్పు చూశాడు. పూల కప్పు వచ్చింది.

ఇంత ఘనంగా గెలిచినవాణ్ణి, కప్పు చెవిలో వేలు దూర్చి ఇరికించుకున్నాను. సున్నంపని వేలు, దూరింది గానీ రాలేదు. చాయ తాగలేను, కప్పు వదల్లేను. పక్కబల్ల దగ్గరి డ్రిల్లు పంతులు చూసి చూసి, "గట్ల గుంజకు, కప్పు పలుగుతది. నూనె రాయి. చాయను సాసర్ల వోసుకొని ఊదుకుంట తాగు" అన్నాడు. మిర్చి నూనె రాస్తే ఊడింది. నాలుక కాలింది. అయినా అంత రుచైన చాయ నేనెన్నడూ తాగలేదు. గడప బయట మిడుకుతున్న బావ "నేను?" అన్నాడు. "రంగులు కలిపేది ఆయనే సేటూ, ఆయన తినకపోతే మెడలు రావు" అన్నాను. బావ నాలుగు పూరీలు తిన్నాడు. వాడు రంగులెన్నడూ కలపలేదు.

చీకటి పడేలోగా తలకాయలన్నీ లేచాయి. నడుమ పూల కప్పుతో నన్ను గీసుకున్నాను. సేటు రెండో కాలు పెట్టించుకుని, మీసం ఇంకాస్త పెంచమన్నాడు. పెంచాను. మర్నాడు ఊరేగింపు ఆ గోడ ముందు ఆగి పెట్టిన కేకకు సింహం హోటల్ రేకులు అదిరాయి. సేటు మనసు మారిందని నేను చెప్పను. బొమ్మ మాత్రం ఆయన్ను వెనక్కి పోనివ్వలేదు. మా వాడవాళ్లు ఎవరొచ్చినా "గోడ మీద ఉన్నం కద సేటూ" అని లోపలికి నడిచేవారు. గూట్లో గిలాసల చోట అగ్గిపెట్టెలు వచ్చాయి.

సంగతి పాకి కోరుట్ల నుంచి, జగిత్యాల నుంచి కూడా గోడలకు పిలుపులొచ్చాయి. అన్నిచోట్లా నా షరతు ఒక్కటే: ముందు లోపల కూర్చోబెట్టి చాయ, ఆ తర్వాతే కుంచె. ఒప్పుకోనివాళ్లకు కాళ్లు మాత్రమే గీస్తానని బావ ముందే పోయి చెప్పొచ్చేవాడు. ఇద్దరు మాత్రమే గోడ వద్దన్నారు. మిగతా అందరి చాయా తాగాను. జగిత్యాల చాయలో అల్లం ఎక్కువ.

రాష్ట్రం వచ్చాక ఒకసారి సిరిసిల్ల పోయాను. ఆ గోడ లేదు, అక్కడ అద్దాల హోటలుంది. లోపల చల్లగా కూర్చుని, గోడ మీది ధరల పలకను ఉప్మా నుంచి కింద చాయ దాకా వేలు పెట్టి చదివాను. అంతసేపూ వడ్డించే అమ్మాయి ఓపిగ్గా నిలబడింది. చాయ చెప్పి, ఆమె అటు తిరగగానే మోకాళ్లు పట్టుకుని బల్ల కిందికి వంగాను.

"ఏంది తాతా, కింద ఏమన్న పడ్డదా?"

"ఏం పడలే బిడ్డా. పాతోళ్లెవలన్న కనవడ్తరేమోనని."