ఆకాశానికి హాని లేని గ్యాసు

చార్మినార్ వెనక గాజుల దుకాణాల సందులోంచి లోపలికి పోతే రెండో మలుపులో దుర్గయ్య దుకాణం ఉండేది. ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి, మనిషి మధ్యలో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. బోర్డు లేదు. ఎవరినడిగినా "పచ్చమంట దుర్గయ్యనా?" అని దారి చూపించేవాళ్లు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాసుకు రంగుండదు, వాసనుండదు. రాగి గొట్టానికి ఎక్కడో సూదిమొనంత చిల్లు పడితే అది తెలియకుండా కారిపోతుంది. ఇతర మెకానిక్‌లు సబ్బు నురగ పూసి బుడగ కోసం కాచుకుని కూర్చునేవారు. దుర్గయ్యది ఉస్తాద్ దగ్గర నేర్చిన పాత విద్య. చిన్న స్పిరిట్ దీపం, మంటలో ఒక రాగిరేకు, దీపానికి తగిలించిన రబ్బరు గొట్టం. ఆ గొట్టం కొసను ఫ్రిజ్ వెనక మెల్లగా జరుపుకుంటూ పోతాడు. గ్యాసు కారే చోటికి రాగానే దాన్ని గొట్టం పీలుస్తుంది, నీలం మంట ఆకుపచ్చగా మారుతుంది. గాలికి మంట కదలకుండా ముందే తలుపులు మూయించి పంకా ఆపిస్తాడు. ఇంటివాళ్లు చెమటలు కక్కుతూ ఆ రంగు మారడం చూసి నోరు వెళ్లబెట్టేవారు.

అయితే 1996 నుంచి దుర్గయ్యకు ఆ రంగు కనబడటం లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. మంట కనబడుతుంది, అది నీలమో పచ్చో తెలియదు. ఆపరేషన్ చేయించుకుంటే దుకాణం మూయాలి, మూస్తే ఎందుకని బజారంతా అడుగుతుంది. పచ్చమంట దుర్గయ్యకు పచ్చ కనబడదట అన్న మాట ఒక్కసారి గల్లీలో పడితే ఇక వాడి గడప ఎవడు తొక్కుతాడు? అందుకని భార్య ఆగమ్మను వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పేరుకు ఆమె టిఫిన్ డబ్బా మోసుకొచ్చేది. దీపం పట్టుకుని పక్కన కూర్చునేది. గొట్టం ఆయన జరిపేవాడు, మంట ఆమె చూసేది. రంగు మారగానే గట్టిగా అనకుండా మోచేత్తో చిన్నగా పొడిచేది. "ఇగో, ఈడనే" అని దుర్గయ్య వేలు పెట్టి చూపించేవాడు.

"దుర్గన్న పెండ్లాన్ని విడిచి ఒక్క పూటన్న ఉండడు" అని బజారు నవ్వేది. ఆగమ్మ కూడా నవ్వేది. ఏడేళ్లలో ఆమె ఒక్కసారీ తప్పు పొడవలేదు. మొగుడి పేరు తన మోచేతిలో ఉందని ఒక్క మనిషికీ చెప్పలేదు.

1999లో ఒక కాగితం వచ్చింది. నగరంలోని ఫ్రిజ్ మెకానిక్‌లందరికీ పెద్ద హోటల్లో ఒకరోజు శిక్షణ, భోజనం ఉచితం. హాలు చల్లగా ఉంది. అంతమందికి అంత చలి ఎందుకో దుర్గయ్యకు అర్థం కాలేదు. ఆలస్యంగా పోవడంతో చివరి వరసలో చోటు దొరికింది. ముందర తెర మీద బొమ్మలు వేస్తూ ఒక తెల్లదొర ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, కృష్ణప్రసాద్ అనే ఆఫీసరు తెలుగులో చెబుతున్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, మర్యాదస్తుడు.

"మీరు వాడే గ్యాసు ఆకాశంలోని రక్షణ పొరను తినేస్తోందండి. పైగా భూమిని వేడెక్కిస్తోంది. మీరు పాత గ్యాసును గాల్లోకి వదిలిన ప్రతిసారీ ఇది జరుగుతోంది. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని దీన్ని ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి."

హాలంతా తలలు దించుకుంది. దుర్గయ్య ఇరవై ఏడేళ్లుగా గ్యాసు వదులుతున్నాడు. వాల్వు విప్పితే బుస్సుమంటూ పోయేది. దానికో దోషం ఉందని ఇదే వినడం. అయినా ఒక అనుమానం వచ్చి లేచి నిలబడ్డాడు.

"సార్, గీ గ్యాసు ఎవరు తయారు జేసిర్రు?"

కృష్ణప్రసాద్ దొరను అడిగాడు. దొర నవ్వి ఏదో చెప్పాడు. "వాళ్ల దేశాల్లోనే కనిపెట్టారండి. యాభై అరవై ఏళ్లు వాడారు. ఇప్పుడు పూర్తిగా మానేశారు. మనకు 2010 దాకా గడువిచ్చారు."

"అంటే వాళ్లు తిని చెయ్యి కడుక్కున్నరు, ఎంగిలి ఇస్తరాకులు మనం ఎత్తాలె."

అందరూ నవ్వారు. ఈ మాట తెలుగులోనే ఉండిపోయింది, దొరకు చేరలేదు. ఏడాదికోసారి దేశాలన్నీ ఏదో ఒక నగరంలో చేరి ఎవరు ఎంత మానాలో, ఎవరికి ఎవరు ఎంత ఇవ్వాలో వారం రోజులు వాదించుకునేవి. కొత్త యంత్రాలకని కంపెనీలకు కోట్లు ముట్టాయి. గాజుల గల్లీ దాకా వచ్చేసరికి అది ఒక పూట భోజనం, ఒక టోపీ, ఒక సంచీ, అట్టమీద గ్లోబు బొమ్మ ఉన్న ఇంగ్లీషు పుస్తకం అయింది. ఎవరి పాపానికి ఎవరు లెంపలేసుకోవాలన్నది మాత్రం ఏ వాదనా లేకుండానే తేలిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బిర్యానీ వాసన హాల్లోకి వస్తోంది, కుర్చీలు కదులుతున్నాయి. కృష్ణప్రసాద్ గడియారం చూసుకుంటూ, రాబోయే కొత్త గ్యాసు గురించి చివరి బొమ్మలు గబగబా తిప్పించాడు. "ఇది సహజమైన గ్యాసండి. ఆకాశానికి ఏ హానీ లేదు. మిగతా జాగ్రత్తలన్నీ పుస్తకంలో ఉన్నాయి." వెళ్లిపోతున్న బొమ్మల్లో ఒకదాంట్లో మంట ఉంది. చివరి వరస నుంచి, పొర కమ్మిన కళ్లతో దుర్గయ్యకు మంట ఆకారం మాత్రమే కనబడింది. ఆయన ఛాతీ ఉబ్బింది. చూశారా, దొరల దేశంలోనూ మంటతోనే చూస్తారన్నమాట. ఉస్తాద్ విద్యే విద్య. వచ్చినట్టు సంతకం పెట్టి, బిర్యానీ తిని, సర్టిఫికెట్, కొత్త గ్యాసు కొనడానికిచ్చిన కార్డు పట్టుకుని ఇంటికొచ్చాడు.

ఇల్లు జల్‌పల్లిలో. చిన్న ప్లాటు, రేకుల కప్పు. ఆకాశానికి పడ్డ బొక్క గురించి ఆయన చెబుతుంటే ఆగమ్మ బియ్యం ఏరుతూ విన్నది.

"గంత పైకి మనమెట్ల వెట్టినమయ్యా బొక్క?"

"పెట్టినమట. ఇప్పటిసంది ఇడువద్దు గ్యాసు."

ఆమె పుస్తకం అందుకుని తిప్పింది. ఆమెకు చదువు రాదు, బొమ్మలు చూస్తోంది. ఒకచోట ఆగింది. "ఇగో, నీ మంట బొమ్మ ఉన్నది. దాని మీద ఎర్రగ అడ్డం గీసిర్రు. ఏందిది?"

దుర్గయ్య ఆ పేజీ చూడలేదు. చూసినా ఆ గీత కనబడదు. కనబడలేదని పెళ్లాం ముందు చెప్పుకోవడం, ఆమెకు అన్నీ తెలిసినా సరే, ఆ పూట ఆయనకు మనసొప్పలేదు. సర్టిఫికెట్ వచ్చిన రోజాయె.

"అది వాళ్ల మొహరు. ముద్ర లెక్క. ట్రైనింగుల జెప్పిర్రు."

"మొహరా," అని ఆగమ్మ పుస్తకం మూసింది. ఆయన మాట మీద ఆమెకు అంత నమ్మకం.

తర్వాత నాలుగేళ్లు దుర్గయ్య దోషం కడుక్కునే పనిలో పడ్డాడు. పాత గ్యాసును గాలికి వదలకుండా లారీ ట్యూబుల్లోకి పట్టి దాచేవాడు. తోటి మెకానిక్‌లు ఎగతాళి చేశారు. ఏటేటా ఎండలు ముదిరాయి. రేకుల కింద కూర్చుని దుర్గయ్య, ఇందులో నా వంతు ఎంతో అనుకునేవాడు. దేశాలు ఏలేవాళ్లలో ఒక్కడికైనా ఆ ఆలోచనతో నిద్ర చెడిందో లేదో నాకు తెలియదు. దుర్గయ్యకు చెడింది.

2003 మే. ఆ ఎండకు రాష్ట్రమంతటా జనం పిట్టల్లా రాలిపోయారు. చల్లనీళ్ల కోసం ఊరంతా అల్లాడుతుంటే మాదన్నపేట కూరగాయల మార్కెట్టు పక్కన కూల్‌డ్రింకులమ్మే వైకుంఠం దుకాణంలో పెద్ద కూలర్ ఆగిపోయింది. దుర్గయ్య పాత గ్యాసు కోసం పోతే దాన్ని అమ్మే సేటు చేతులెత్తేశాడు.

"పురానా మాల్ ఖతం, దుర్గయ్య భాయ్. నయా వాలా లేజావ్. నీ దగ్గర కార్డున్నది కదా."

కార్డు ఉంది. దుర్గయ్య కొత్త సిలిండర్ భుజాన వేసుకుని, ఆకాశానికి హాని లేని గ్యాసు వాడుతున్నానని లోపల సంతోషపడుతూ మాదన్నపేట నడిచాడు. గ్యాసు నింపాడు. సాయంత్రానికి కూలర్ మళ్లీ వేడెక్కింది. ఎక్కడో కారుతోంది. మర్నాడు పొద్దున ఆగమ్మతో వచ్చి మళ్లీ నింపాడు, కారే చోటు మంటకు దొరకాలంటే లోపల గ్యాసు నిండుగా ఉండాలి.

"వైకుంఠం, పంకా బంద్ జెయ్. శటర్ కిందికి గుంజి నువ్వు బయట ఉండు."

"లోపట సచ్చిపోతరు దుర్గన్నా, ఉక్కకు."

"ఫికర్ జెయ్యకు. అయిదు నిమిషాల పని."

శటర్ దిగింది. దుకాణం పొయ్యిలా ఉంది. ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, దీపం వెలిగించి, కూలర్ వెనక నేల మీద కూర్చుంది. దుర్గయ్య గొట్టం జరుపుతున్నాడు. పై నుంచి కిందికి వచ్చాడు. మోచెయ్యి తగల్లేదు.

"కనవడ్తలేదా?"

"నీలంగనే ఉన్నది. గని మంట జర పొడుగైతున్నది."

పొడుగవడమేమిటో ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్ల పైబడిన అనుభవంలో మంట రంగు మారిందే కాని పొడుగవలేదు. ఆ కొత్త గ్యాసు వంటింట్లో పొయ్యి మీద మండే గ్యాసుకు తోబుట్టువని, కారినదంతా బరువుకు కిందికి దిగి ఆగమ్మ కూర్చున్న నేల మీదే నిండుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఇంక జర కిందికి పో. దగ్గరికి వెట్టి చూడు," అన్నాడు.

ఆమె వంగింది.

వైకుంఠం శటర్ లేపేసరికి దుర్గయ్య రెండు చేతులూ కాలి ఉన్నాయి. నిలబడి ఉన్నాడు కాబట్టి అంతటితో పోయింది. ఆగమ్మకు చీర లేదు, జుట్టు లేదు, ముఖం లేదు. ఆటోలో పడుకోబెట్టినప్పుడు ఆమె ఏడవలేదు. దీపం ఆరిందా అని అడిగింది.

ఆసుపత్రి వార్డులో ఆ వారం వడదెబ్బ తగిలినవాళ్లు నేల మీద కూడా ఉన్నారు. పంకాలు వేడిగాలి తిప్పుతున్నాయి. మూడో రోజున కృష్ణప్రసాద్ వచ్చాడు. పై ఆఫీసు నివేదిక అడిగింది. ఒప్పందం కింద వచ్చిన గ్యాసుతో ప్రమాదమంటే అది ఢిల్లీ దాకా, అక్కడి నుంచి డబ్బిచ్చిన దేశాల దాకా పోతుంది. అతని చేతిలో ఆనాటి హాజరు పట్టీ, గ్లోబు బొమ్మ పుస్తకం ఉన్నాయి. ఆ పేజీ తీసి దుర్గయ్య ముందు పెట్టాడు.

"ఇదేమిటండీ?"

"మంట, సార్."

"మంట మీద ఎర్రగీత ఉందా లేదా? దగ్గర మంట పెట్టకూడదని దాని అర్థం. మీరు శిక్షణకు వచ్చారు, సంతకముంది. గీత చూడలేదంటే, మీ కళ్లు సరిగా లేవని రాయాలి. కార్డు రద్దవుతుంది. చూశారంటే కేసవుతుంది. ఏమని రాయమంటారు?"

ఆ రోజు ఆ బొమ్మ గురించి తాను ఒక్క ముక్కా చెప్పలేదన్న సంగతి కృష్ణప్రసాద్ ఎత్తలేదు. గుర్తుండే ఉంటుంది, చూపు పుస్తకం మీదే ఉంచాడు. దుర్గయ్యకు మాత్రం వేరే మాట గుర్తొచ్చింది. అది వాళ్ల మొహరు.

అప్పుడు కట్ల వెనక నుంచి ఆగమ్మ మాట్లాడింది. "సార్, ఆయన తప్పు లేదు. ఆయన వద్దన్నడు. దీపం నేనే ముట్టిచ్చిన. నాకు సదువు రాదు, తెల్వక ముట్టిచ్చిన."

కృష్ణప్రసాద్ కలం ఆగింది. ఊపిరి తీసుకుని, దుర్గయ్య వైపు తిరిగి అడిగాడు. "నిజమేనా?"

కాదు అంటే చాలు. ఒక్క మాట. దుర్గయ్య నోరు తెరిచాడు. దుకాణం, పేరు, గోడ మీద సర్టిఫికెట్ అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆగమ్మ కాలని మోచెయ్యి మంచం అంచు దాటి వచ్చి, ఆయన డొక్కలో చిన్నగా పొడిచింది.

"నిజమే సార్," అన్నాడు.

ఆమె ఐదో రోజున చనిపోయింది. శిక్షణ లేని స్త్రీ అజ్ఞానం వల్ల ప్రమాదం జరిగిందని నివేదిక వెళ్లింది. గ్యాసులో దోషం లేదు, శిక్షణలో దోషం లేదు, మెకానిక్‌లో దోషం లేదు. ఎవరికీ నష్టం లేకుండా తేలిపోయింది.

సెప్టెంబరులో అదే హోటల్లో సభ జరిగింది. పాతబస్తీలో కొత్త గ్యాసు వాడిన తొలి మెకానిక్‌లలో ఒకడని దుర్గయ్యను వేదిక మీదికి పిలిచారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు ముందు వరసలో ఉన్నారు. మెట్ల దగ్గర కృష్ణప్రసాద్ చెవిలో చెప్పాడు, "ఇంట్లో సంగతులు ఇక్కడెందుకులెండి. రెండు ముక్కలు చాలు."

దుర్గయ్య మైకు ముందు నిలబడ్డాడు. ఆకులా ముడుచుకుపోయిన వేళ్లతో దాన్ని పట్టుకున్నాడు. "గీ గ్యాసుతోని ఆకాశానికి ఏం హాని లేదు," అన్నాడు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. ఈసారి ఒక్క ముక్క కూడా పోలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. శాలువా కప్పారు.

కిందికి దిగి కూర్చున్నాక చాలాసేపు ఆ శాలువాను నిమురుతూ ఉన్నాడు. తర్వాత పక్కన కూర్చున్న మనిషిని మెల్లగా అడిగాడు.

"భాయ్, ఇది ఏం రంగు?"

"పచ్చది, అన్నా."

దుర్గయ్య దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఏమీ తెలియలేదు. ఆ మాట ఆగమ్మ చెప్పి ఉంటే నమ్మేవాడు.