కరిచే పిట్ట, నా గొంతు

పిట్ట నన్ను మొదటిసారి కరిచింది కుడిచేతి చూపుడు వేలి మీద. గోరు పక్కన మెత్తగా ఉంటుంది చూడండి, అక్కడ. నెత్తురు ఒక్క చుక్క వచ్చింది, అంతే. కానీ ఆ రోజంతా తెగిన పోగు పట్టుకున్నప్పుడల్లా దారం ఆ గాటులో పడి సుర్రుమనేది.

మాది సిరిసిల్ల. కార్ఖానాలో మరమగ్గాలు నడుపుతాను. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటాం. ఎనిమిది సాంచాలు నేను ఒక్కణ్నే చూసుకుంటాను. లంగాల బట్ట నేస్తాం. ఎక్కడ పోగు తెగినా ఆ వేలితోనే వెతికి ముడి వేయాలి. ఇన్నేళ్లు మా ఇంటికి అన్నం పెట్టింది ఆ వేలే. పిడికెడు లేని పిట్ట, సరిగ్గా దాన్నే చూసి కరిచింది.

పిట్ట నాది కాదు, నా కూతురిది. ఆమెది కోరుట్లలో కాపురం. అల్లుడు పొద్దున పనికి పోతే మళ్లీ సాయంత్రానికే వస్తాడు. ఒక్కతే ఉంటుందని జగిత్యాలలో దుకాణం నుంచి ఒక జత కొనిచ్చాడు. అందరూ లవ్ బర్డ్స్ అంటారే, అవి. అందులో ఒకటి చచ్చిపోయింది. మిగిలింది పచ్చ పిట్ట, ఆడది. తొలి కాన్పుకని ఏడో నెలలో కూతుర్ని ఇంటికి తీసుకొస్తే, ఆమె ఒళ్లో పంజరం పెట్టుకుని వచ్చింది.

నా భార్య గుమ్మంలోనే అడిగింది. “కడుపుతోని ఉన్నదానివి, ఒళ్లె గీ పంజరమేందే?”

“నన్ను ఇడిచిపెట్టి ఉండదమ్మా అది” అంది కూతురు.

నిజంగానే ఉండదు. పంజరం తలుపు తీస్తే ఎగిరి ఆమె భుజం మీద కూర్చునేది. చెవి పక్కన వెంట్రుకలు ఒక్కొక్కటీ ముక్కుతో దువ్వేది. నేను నీళ్లు మారుద్దామని చెయ్యి పెడితే మాత్రం కటుక్కున కరిచేది. నేను “ఓయ్!” అని అరిచేవాణ్ని. అది రెక్కలు కొట్టుకుంటూ పంజరమంతా తిరిగేది. కూతురు ఉలిక్కిపడి కడుపు పట్టుకునేది.

నా భార్య అరుగు మీద బీడీలు చుట్టుకుంటూ నవ్వేది. “ఆడిదైతె మాత్రం, నీ ఒర్లుడు అదెందుకు పడ్తది? పడెటందుకు నేనున్న గదా.”

నా గొంతు గురించి ఇక్కడ చెప్పాలి. అయిదో తరగతితో బడి ఆగిపోయి సాంచాల్లోకి వచ్చాను. అక్కడ ఒక్కసారి అన్ని సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. చెవిలో నోరు పెట్టి అరవాలి. అట్లా అరిచి అరిచి గొంతు అక్కడే నిలిచిపోయింది. ఇంటికొచ్చి “అన్నం పెట్టు” అన్నా కొట్లాటలాగే ఉంటుంది. ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లు చెవికి దూరంగా పెట్టుకుంటారు. నాకు అది తప్పు అని ఎప్పుడూ అనిపించలేదు. నేనెవరినీ కొట్టేవాణ్ని కాదు, తిట్టేవాణ్ని కాదు. గొంతే అంత.

తొమ్మిదో నెల పడింది. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాను. లోపల తల్లీ బిడ్డా మాట్లాడుకుంటున్నారు. నేను వచ్చింది వాళ్లకు తెలియదు.

“దవాఖానకు పోయే ముంగటే గా పిట్టను పిట్టలమ్మే దుకాణంల ఇచ్చేద్దాం బిడ్డా” అంటోంది నా భార్య. “నేను నీతోని దవాఖానలుంట. దీన్నెవరు జూస్తరు? రేపు పసిపిల్లతోని ఇంటికచ్చినంక అది కరిస్తె ఎట్ల?”

నేను అనుకున్నాను, ఇప్పుడు కూతురు బాపు చూస్తాడులే అంటుందని.

“ఇచ్చేదుంటె దుకాణంలనే ఇయ్యి” అంది కూతురు. “బాపు కాడ మాత్రం ఇడిచిపెట్టకు. బాపు ఒర్లితె జడుసుకోని సస్తది అది. నాకెర్క లేదా అమ్మా? చిన్నప్పుడు నేను గట్లనే జడుస్తుంటి.”

చెంబు చేతిలో అట్లాగే ఉండిపోయింది. నీళ్లన్నీ ఒక కాలు మీదే పోయాయి.

ఆమె చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నేను ఇంట్లోకి వస్తే పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి పోయేది. చదువుకునే పిల్ల అని సంతోషపడేవాణ్ని. ఇంకో నెలలో ఇంట్లోకి ఇంకో పసిపిల్ల వస్తుంది. అది కూడా నన్ను చూసి లోపలి గదిలోకి పోతుందా? ఆ మాట లోపల పడ్డాక ఇంక తీసేయలేకపోయాను. పిట్ట నా దగ్గర బెదరకుండా ఉంటే, పసిపిల్ల కూడా ఉంటుందనిపించింది.

లోపలికి పోయి చెప్పాను. “దుకాణంల ఇచ్చుడు లేదు! నేను మాలిమి జేస్త!”

మెల్లగానే చెప్పాననుకున్నాను. పిట్ట పంజరంలో పైకీ కిందికీ కొట్టుకుంది.

“ఆఁ, అయితది అయితది” అంది నా భార్య.

మొదట అన్నీ తప్పులే చేశాను. వేలికి కార్ఖానా నుంచి తెచ్చిన బట్టపేలిక చుట్టి చెయ్యి పెట్టాను. అది పేలికను పీకి పీకి దారం తీసింది, ఆ దారం దాని కాలికి చుట్టుకుంది. విడిపించబోతే మళ్లీ కరిచింది. కార్ఖానాలో నాతో పనిచేసే అతను, వరసకు బావమరిది, వీర్నపల్లి నుంచి వస్తాడు. “ముక్కు మీద సుతారంగ ఒక్కటి గొట్టు బావా, మల్లొకసారి కరువది” అన్నాడు. నా వేలికి సుతారం అంటే ఎంతో నాకేం తెలుసు? ఒక్కటి కొట్టాను. పిట్ట పంజరం అడుగున పడింది. నోరు తెరిచి ఎగపోస్తూ అట్లాగే నన్ను చూసింది. తలెత్తితే గుమ్మంలో కూతురు.

ఆమె పంజరం తీసుకుని లోపలి గదిలోకి పోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తెల్లారి నేనే ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను. “ఎట్ల జెయ్యాల్నో నువ్వే జెప్పు బిడ్డా.”

“ఏం జెయ్యద్దు బాపు. ఊకె కూసో. కొర్ర కంకి పట్టుకోని చెయ్యి గట్లనే పెట్టు. కరిచినా గుంజకు. నువ్వు గుంజితివనుకో, ఒర్లితివనుకో, కరిస్తె చెయ్యి పోతదని దానికి ఎర్కయితది. మల్ల మల్ల కరుస్తది.”

“ఒర్లకుంట ఉండుడు నాతోని అయితదంటవా?”

“గదే నాకు సుత అనుమానం” అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నా ఎదురుగా నవ్వింది.

రెండు రోజులు కూర్చున్నాను. కరిచినప్పుడల్లా నోట్లోంచి అరుపు దానంతటదే వచ్చేసేది. గుసగుసగా మాట్లాడదామంటే నా గొంతులో గుసగుస లేదు. గరగరమని ఏదో వస్తుంది, పిట్ట ఇంకా బెదురుతుంది.

మూడో రోజు కార్ఖానాలో ఉన్నట్టుండి కరెంటు పోయింది. కరెంటు పోతే మా దగ్గర ఒక వింత జరుగుతుంది. సాంచాలన్నీ ఒక్కసారే ఆగుతాయి, మనుషులు మాత్రం ఆగరు. ఆ కాసేపు అందరం ఖాళీ చప్పుడులో అరుస్తూనే ఉంటాం. ఆ రోజు మా బావమరిది నా చెవి దగ్గర “మా ఆమె అలిగి అవ్వగారింటికి పోయిందే!” అని చెబుతున్నాడు. ఆ మాట కార్ఖానా అంతా మోగింది. అందరూ ఒకటే నవ్వు. “ఎప్పుడస్తదట మరి?” అని ఆ మూల నుంచి ఒకడు అడిగాడు.

నేను కూడా నవ్వాను. తర్వాత ఆ మూల నుంచి అడిగినతను చెయ్యి ఊపి, చప్పుడు లేకుండా పెదవులతో “చాయ్‌కి పోదామా?” అన్నాడు. నేను కూడా పెదవులతోనే “పా” అన్నాను. సాంచాలు నడిచేటప్పుడు దూరంగా ఉన్నవాళ్లతో మేం మాట్లాడేది అట్లాగే. పెదవులు, చేతులు, కనుబొమ్మలు. అరిస్తే అక్కడి దాకా పోదు మరి. పోగు తెగిందని, సాంచాల ఆసామి వచ్చాడని, అన్నం తిన్నావా అని, అన్నీ చప్పుడు లేకుండానే చెప్పుకుంటాం. చాయ్ తాగుతుంటే తట్టింది. గొంతు తగ్గించడం నాకు రాదు. కానీ గొంతే లేకుండా మాట్లాడడం చిన్నప్పటి నుంచీ వచ్చు.

మర్నాడు పొద్దున పనికి పోయేముందు పంజరం ముందు కూర్చున్నాను. బావమరిది పొలం నుంచి తెచ్చిచ్చిన కొర్ర కంకి వేళ్ల మధ్య పట్టుకుని చెయ్యి లోపల పెట్టాను. పెదవులతో “రా, తిను” అన్నాను. పిట్ట తల ఒక పక్కకు వంచి నా నోటి వంక చూసింది. ఇంకో పక్కకు వంచి చూసింది. వచ్చి, కంకిని వదిలి వేలిని కరిచింది.

నోరు తెరిచాను. చప్పుడు మాత్రం రానివ్వలేదు. చెయ్యి కదపలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కాసేపు పట్టుకుని చూసి, ఏమీ కాకపోయేసరికి వదిలేసి, రెండు గింజలు కొరుక్కుని పోయింది.

అట్లా రోజూ పొద్దున పది నిమిషాలు. కొన్ని రోజులు బాగుండేది, మళ్లీ ఒక రోజు కారణం లేకుండా గట్టిగా కరిచేది. తెగిన పోగును వెతికేటప్పుడు గుంజితే పక్క పోగులు కూడా తెగుతాయి. వేలు అక్కడే పెట్టి ఉంటే కొస తనే వేలికి తగులుతుంది. అట్లాగే అనుకుని కూర్చునేవాణ్ని. నా పెదవులు కదులుతుంటే నా భార్య చూసి, “మంత్రాలు సదువుతున్నవా ఏంది?” అనేది.

ఇంతలో నొప్పులు వచ్చాయి. తల్లీ కూతుళ్లు సర్కారు దవాఖానకు పోయారు. పోయేటప్పుడు ఆటోలోంచి కూతురు ఒకసారి పంజరం వంక, ఒకసారి నా వంక చూసింది. దుకాణం మాట ఎత్తలేదు. “పైలం బాపు, మంచిగ జూసుకో” అంది. ఆ మాట దేని గురించో నాకు తెలుసు.

ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో అద్దం బయట నుంచి చూసి వచ్చాను. దగ్గరికి పోవడానికి భయమేసింది. నోట్లోంచి ఏమన్నా వచ్చేస్తుందేమోనని నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నర్సు నేను ఏడుస్తున్నాననుకుంది.

ఇంట్లో నేను, పిట్ట. అది మూడు రోజులుగా కూతుర్ని వెతుక్కుంటోంది. గుమ్మం వైపు తిరిగి కిచకిచమని పిలిచేది, ఆగి వినేది. నాలుగో రోజు పొద్దున పంజరం తలుపు తీసి, కంకి లేకుండా ఉత్త వేలు దాని కడుపు దగ్గర పెట్టి, పెదవులతో “అమ్మ ఎల్లుండి అస్తది” అన్నాను. అది నా నోటి వంక చూస్తూ ఒక కాలు వేలి మీద పెట్టింది. తర్వాత రెండోది. దారం చుట్టే ఖాళీ కండె అంత బరువు కూడా లేదు. వంగి, మొదటిసారి కరిచిన చోటనే ముక్కు పెట్టింది. కొంచెం నొక్కింది. నేను వేలు కదపలేదు. అది వదిలేసి, ఆ వేలి మీదే ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. ఆ రోజు పనికి ఆలస్యంగా పోయాను. ఆసామి కోప్పడ్డాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

వాళ్లు ఇంటికి వచ్చిన రోజు ఆటో ఆగిన చప్పుడుకు నేను గుమ్మం లోపలే ఉన్నాను. పిట్ట నా వేలి మీద ఉంది. దిష్టి తీసి కూతుర్నీ పాపనూ లోపలికి తీసుకొచ్చేటప్పుడు నా భార్య గట్టిగా ఏదో అంటోంది. పిట్ట ఎక్కడ బెదురుతుందోనని కూతురికి పెదవులతోనే చెప్పాను, “మెల్లగ రా బిడ్డా” అని.

ఆమె గడప మీదే ఆగిపోయింది. పిట్టను చూసిందనుకున్నాను. కాదు, నా నోటినే చూస్తోంది.

“బాపు, సాంచల కాడ నువ్వు నాతోని గిట్లనే మాట్లాడుతుంటివి” అంది. “నేను సద్ది తెచ్చినప్పుడు. తిన్నవా, బడికి పోయినవా అని.”

“యాదికున్నదా నీకు?” ఆ మాట కూడా పెదవులతోనే అన్నాను.

“లేకేంది? అక్కడ నిన్ను జూస్తె నాకు బుగులు, జడుపు గాకపోయేది. గందుకే సద్ది తెచ్చినంక బిరాన ఇంటికి పోకపోతుంటి. నిన్ను జూసుకుంట నిలవడుతుంటి.”

సద్ది గిన్నె పెట్టి గోడకానుకుని నిలబడేది. నిజమే. కండెలతో ఆడుకోవడానికి ఆగుతుందనుకుని, ఇంటికి పొమ్మని చెయ్యి ఊపేవాణ్ని.

పిట్ట నా వేలి మీంచి ఎగిరి ఆమె భుజం మీదికి పోయింది. ఆమె దాన్ని పంజరంలో పెట్టి, తలుపు వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. తల్లి చేతుల్లోంచి పాపను తీసుకుని, అడగకుండానే నా ఒళ్లో పెట్టింది. పెదవులతోనే “ఏంది, ఎప్పుడచ్చినవ్?” అన్నాను. పాప నుదురు ముడిచి, నా మొహం ఉన్న వైపే కళ్లు పెట్టి చూసింది. ఏడవలేదు.

వంటింట్లోంచి నా భార్య అడిగింది. “ఏమయ్యా, పిట్టను దుకాణంల ఇచ్చుడేనా మరి? దవాఖానకు పోయిననాడు పొద్దుగాల నీళ్లు పోయవోతె నన్ను మల్ల కరిచింది.”

నేను పెదవులతో “వద్దు” అన్నాను.

“ఏందీ? ఇనవడ్తలేదు!”

“వద్దంటుండమ్మా” అని కూతురు కేకేసింది. నా వంక చూస్తూనే ఇంకో మాట కలిపింది. “నన్నూ పాపనూ సుత ఇంకో నెల ఎక్కువనే ఉండుమంటుండు.”

నేను ఆ మాట అనలేదు. కానీ కాదని చెప్పడానికి నోరు కూడా కదపలేదు.