పేరుపాలెం ఇసుకలో కొరమీనులు

నిన్న పక్కింటావిడ డాబా మీద మనవరాలి పుట్టినరోజు చేస్తూ, "ఏవండీ, మీ దగ్గర చేపలు కాల్చే ఇనప పొయ్యి ఉందటగా, ఒక్క పూట ఇస్తారా?" అని అడిగింది. అటక మీంచి దింపి గుడ్డతో తుడుస్తుంటే, ఊచల సందున ఎండి అతుక్కుపోయిన పొలుసొకటి గోటికి తగిలింది. కొరమీను పొలుసు. అంతే, ఏలూరు ఇంట్లో నిలబడ్డ నాకు పేరుపాలెం సముద్రపు హోరు చెవుల్లో మొదలైంది. పొయ్యి ఆవిడ పట్టుకెళ్లిపోయినా ఆ హోరు మాత్రం పోలేదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్న అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. అందుకేనేమో, ఏ సంగతైనా మొదటినుంచీ చెబితేగాని నాకు తృప్తి ఉండదు. మా ఆయనకూ, వాళ్లన్నయ్య అంటే మా బావగారికీ కలిదిండి దగ్గర పక్కపక్కనే చేపల చెరువులు. ఒక ఏడు మా చెరువులోని మురుగునీళ్లు బావగారి చెరువులోకి పోయి, తెల్లారేసరికి ఆయన చేపలన్నీ తెల్లగా తేలిపోయాయి. తూము ఎత్తింది తమ్ముడేనని బావగారు. కాదు, మబ్బు పట్టి నీళ్లలో గాలి చాలక చచ్చాయని మా ఆయన. దాంతో మాటలు ఆగిపోయాయి. చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునీ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. తోటికోడలూ నేనూ మాత్రం ఫోనులో గుసగుసలాడుకునేవాళ్లం, ఏదో దొంగతనం చేస్తున్నట్టు.

మా అల్లుడిది జంగారెడ్డిగూడెం, మెట్ట ఊరు. ఈ గొడవ అతనికి తెలియదు. చెప్పడానికి మాకూ, మా అమ్మాయికీ మొహం చాల్లేదు. అంచేత సెలవులకు అందరం బీచికి వెళదామని రెండిళ్లకూ తనే ఫోను చేసి, గదులు తీసుకుని, ఈ పొయ్యి కూడా కొన్నాడు. కొత్త అల్లుడు పిలిస్తే పెద్దవాళ్లు ఎలా కాదంటారు? మా ఆయన నా మీద రెండ్రోజులు చిరాకుపడి, బయలుదేరే పొద్దున నీలం డ్రమ్ములో బతికున్న కొరమీనులు తెప్పించారు. "సముద్రం దగ్గరికి చేపలు మోసుకెళ్లడమేంటి మావయ్య గారూ!" అని అల్లుడు ఒకటే నవ్వు. మా కొల్లేటివాళ్లకు సముద్రపు చేప నోటికి ఆనదు. పైగా బావగారు చచ్చిన చేప ముట్టరు, కళ్లముందు కదలాల్సిందే. ఆయన కోసమే ఆ డ్రమ్మని నాకు తెలుసు. పైకి అన్నానంటే దింపేస్తారని నోరు మూసుకున్నాను. తాడేపల్లిగూడెం దాటినా నా గుండె కుదుటపడలేదు.

నిలకడగా ఉండే నీళ్లు చూసి పెరిగినదాన్ని నేను. ఈ సముద్రం ఒక్క క్షణం ఊరుకోదు, నన్నూ ఊరుకోనివ్వలేదు. అల్లం నూరాను, నిమ్మకాయలు కోశాను, పరిచిన చాపలే మళ్లీ పరిచాను. మా ఇళ్లలో అన్నానికి ముందు కృతజ్ఞతా ప్రార్థన ఇంటి పెద్దే చేయాలి. తమ్ముడు కూర్చున్న చోట బావగారు కూర్చుని ప్రార్థన చేస్తారా, అన్నం గదికే పంపమంటారా? పొద్దుటినుంచీ నన్ను కాలు నిలవనివ్వనిది ఆ ఒక్క ప్రశ్నే. పొద్దు వాలుతోంది. అల్లుడు బొగ్గులు రాజేస్తే గాలి ఆర్పేస్తోంది. చేపలు బాగుచేద్దామని బూడిదా ఉప్పూ పట్టుకుని డ్రమ్ము మీది వల తీశాను. అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

"ఏవండీ!" అన్న నా కేకకు మా ఆయనతోపాటు, అటు గదిలోంచి బావగారూ వచ్చారు. బావగారే డ్రమ్ములోకి తొంగిచూసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఒరేయ్, ఇవి సముద్రం నీళ్లురా!"

ఇన్నాళ్లకు తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది.

మా ఆయన తలొంచుకున్నారు. "దిగగానే రెండు బకెట్లు పోశానన్నయ్యా. చేపపిల్లను చెరువులో వదిలేముందు కొత్త నీళ్లు అలవాటు చేస్తాంగా, చెయ్యి అలా పోయింది."

"అలవాటు చేశావులే. శుభ్రంగా అలవాటు పడ్డాయి."

తోటికోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అల్లుడూ నవ్వాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. డ్రమ్ము అంచు పట్టుకుని, "అప్పుడూ నేనేనన్నయ్యా. మబ్బు కాదు. తూము ఎత్తింది నేనే. మురుగు నీ వైపు వస్తుందని చూసుకోలేదు" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. ప్రభువా, నీ చిత్తం అనుకుంటూ బూడిద గిన్నె గట్టిగా పట్టుకున్నాను. బావగారు తడి వేలు తుడుచుకున్నారు. క్షమించానని అనలేదు, ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు కూడా.

"తెలుసురా నాకు. నువ్వు చెబుతావని చూశాను" అన్నారు. తరవాత అల్లుడివైపు తిరిగి, "బాబూ, ఆ పొయ్యి గాలికి అడ్డంగా కాదండీ, కారు చాటున పెట్టండి. ఒరేయ్, నువ్వు పొలుసు తియ్యి, చీకటి పడిపోతోంది" అన్నారు.

ఆ కంగారులో సగం పొలుసు అలాగే ఉండిపోయింది. తోలు ఊచలకు అంటుకుపోయి, ఒకవైపు మాడి, ఒకవైపు పచ్చిగా, అంత అధ్వాన్నంగా కాల్చిన చేప నేను మళ్లీ తినలేదు. బావగారు చాప మీద తమ్ముడి పక్కనే కూర్చున్నారు. ప్రార్థనలో అన్నానికీ, సముద్రానికీ, అల్లుడికీ దేవుడికి వందనాలు చెప్పారు. "మా తమ్ముడి కోసం..." అన్నారు. అందరం అక్కడే ఆమెన్ అనేశాం. కళ్లు తెరిచి, ఆయన చచ్చిన చేప ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నారు.

రోజులు గడిస్తే అవే సర్దుకుంటాయని ఆ ఏళ్లన్నీ కాచుకుని కూర్చున్నదాన్ని నేను. దేవుడి దయవల్ల ఆ సాయంత్రం తెలిసింది: కాలం తనంతట తాను ఏదీ సర్దదు, మనలో ఒకరు నోరు తెరిచేదాకా మనతోపాటే అదీ కాచుకుని కూర్చుంటుంది.